పాత కారు పొగ యేమి చెప్పుచున్నది?

మిరప కోతలు ముగిసి, గుంటూరు యార్డులో సరకు అమ్ముడై, చేతికి నాలుగు డబ్బులు వచ్చిన దినములలో అమరావతి, పెదకూరపాడు, క్రోసూరు ప్రాంతముల గ్రామములలో జరుగు బేరములలో పాత కారు బేరమొకటి. క్రొత్త కారుకు చాలినంత సొమ్ము లేనివారు పాతది కొందురు. తండ్రి వాడిన అంబాసిడరును అమ్ముటకు మనసొప్పనివారు దానినే బాగుచేయించుకొని నడుపుకొందురు. మారుతి 800 తయారీ 2014 జనవరిలోను, అంబాసిడరు తయారీ అదే సంవత్సరము మే నెలలోను నిలిచిపోయినవి. అయినను ఈ రెండు బండ్లును మన రోడ్లమీద నేటికిని కానవచ్చుచునే యున్నవి.

ఇట్టి బండ్ల యజమానులకు తరచుగా కలుగు బెంగ యొక్కటే: కారు ఆయిలు తాగుచున్నది, వెనుక పొగ వచ్చుచున్నది. షెడ్డుకు తీసికొనిపోగానే "ఇంజను దింపాలండీ" అను మాట వినబడును. ఆ మాట నిజమే కావచ్చును. కాని అదే పొగ పై భాగమున నున్న చిన్న రబ్బరు సీళ్లు పాడగుట వలన గాని, గాలి పోవు గొట్టమొకటి మూసికొనిపోవుట వలన గాని కూడ రావచ్చును. మొదటిదానికి పంట మిగులంతయు పోవును. రెండవదానికి ఒక పూట పని చాలును. ఏది నిజమో తెలిసికొనుటకు యజమాని తన ఇంటి ముంగిట తానే చేయదగిన పరీక్షలు కొన్ని గలవు. వానికి కావలసినది చదువు కాదు, ఓపిక.

ముందుగా తేల్చుకొనవలసినది, ఆయిలు నిజముగా మండుచున్నదా, లేక కారిపోవుచున్నదా అన్న విషయము. రాత్రి కారు నిలుపు చోట ఇంజను క్రింద పాత వార్తాపత్రికలు పరచి, తెల్లవారి చూడవలెను. మచ్చలు పడిన యెడల అవి ఇంజనులో ఏ భాగమునకు సరిగా క్రిందుగా నున్నవో గుర్తించవలెను. మచ్చలేమియు లేకుండ ఆయిలు తరుగుచున్న యెడల అది మండుచున్నదని అనుకొనవచ్చును. ఐతే పరుగులో నున్నపుడు మాత్రమే కారు సీళ్లును గలవు గనుక, కారు వెనుక భాగమునను, అడుగుననున్న రేకులమీదను తడి జిడ్డు పేరుకొన్నదేమో చూచుట మంచిది.

తరువాత ఎంత తరుగుచున్నదో కొలవవలెను. కారును చదునైన నేలమీద నిలిపి, ఇంజను ఆపి, పది నిమిషములు ఆగి, డిప్‌స్టిక్కు పై గీత వరకు ఆయిలు పోయవలెను. పై గీతకును క్రింది గీతకును మధ్య దూరము సామాన్యముగా ఒక లీటరు ఆయిలునకు కొంచె మటునిటుగా సరిపోవును. మీటరు చూచి కిలోమీటర్లు వ్రాసికొనవలెను. అనేక అంబాసిడర్లలో మీటరు తీగ తెగి ఏండ్లు గడచి యుండును. అట్టివారు దూరమును ప్రయాణములతోనే లెక్కింపవచ్చును. అమరావతి నుండి గుంటూరు పోయి వచ్చుటకు సుమారు 70 కిలోమీటర్లు. అట్టివి పదునాలుగు తడవలు తిరిగిన వేయి కిలోమీటర్లకు చేరువ యగును. ఆ లోపల అర లీటరు తరిగినచో పాత ఇంజనుకు అది చెప్పుకొనదగిన జబ్బు కాదు. లీటరు వరకు తరుగుటను కూడ అనేక తయారీ సంస్థలు సహింపదగినదిగానే చెప్పుచుండును. లీటరు మించిన యెడల కారణము వెదకవలసినదే. ఈ లెక్క లేకుండ "చాలా తాగుచున్నది" అని మెకానిక్కుతో చెప్పుట, జ్వరము కొలువకుండ వైద్యునితో ఒళ్లు వెచ్చగా నున్నదని చెప్పుట వంటిది.

ఇపుడు ఆయిలు మంటలోనికి పోవు దారులను గూర్చి తెలిసికొందము. సిలిండరు అను గొట్టములో పిస్టను క్రిందికిని మీదికిని ఆడుచుండును. గొట్టము లోపలి గోడనే మన మెకానిక్కులు బోరు అందురు. పిస్టను చుట్టును ఇనుప రింగులుండును. పై రింగులు మండిన వాయువును క్రిందికి జారనీయకుండ ఆపును. అడుగు రింగు గోడమీది ఆయిలును గీకి క్రిందికి దింపును. బోరు గాని, రింగులు గాని అరిగినపుడు ఆయిలు పిస్టను ప్రక్కనుండి మీదికి ఎక్కి మండును. ఇది మొదటి దారి. ఇంజను తలమీద వాల్వులు గలవు. వాల్వు కాడ ఒక సన్నని గొట్టములో ఆడును; దానిని గైడు అందురు. ఆ కాడ వెంట ఆయిలు దిగకుండ చిన్న సీళ్లుండును. సీలు ఎండి గట్టిపడినను, గైడు అరిగినను ఆయిలు చుక్క చుక్కగా లోపలికి దిగును. ఇది రెండవ దారి. ఇంజను అడుగున చాంబరులో పుట్టు ఆవిరిని బయటికి గాని, తిరిగి ఇంజను పీల్చుకొను గాలిలోనికి గాని పంపు బ్రీదరు గొట్టము మూడవ దారి.

మూడు దారులనుండియు వచ్చునది నీలి పొగయే. కనుక రంగు ఒక్కటే చాలదు. పొగ ఎపుడు వచ్చుచున్నదో చూడవలెను. రాత్రియంతయు నిలిచిన కారును ఉదయము స్టార్టు చేయగానే ఒక్క నీలి మబ్బు లేచి, నిమిషము లోపల మాయమైన యెడల రాత్రి వాల్వు కాడల వెంట దిగి నిలిచిన ఆయిలు మండినదని అర్థము. అది సీళ్ల దోషము. కారు నడచినంతసేపును, బరువు లాగినకొలదిని పొగ హెచ్చుచున్న యెడల రింగులను, బోరును అనుమానింపవలెను.

దీనిని తేల్చుటకు మన ప్రాంతమువారికి కోటప్పకొండ ఘాట్ రోడ్డు కంటె మంచి పరీక్షాస్థలము లేదు. కొండ ఎక్కునపుడు వెనుక బండిలో ఒక స్నేహితుని రమ్మనవలెను. ఎక్కునపుడు ఏకధాటిగా నీలి పొగ కనిపించిన యెడల తప్పు పిస్టను వద్ద నున్నది. దిగునపుడు గేరులోనే యుంచి, ఏక్సిలరేటరు వదలి, కొంతదూరము జారిన పిదప మరల త్రొక్కవలెను. ఆ త్రొక్కినపుడు ఒక్క గుప్పు నీలి పొగ వచ్చిన యెడల తప్పు వాల్వు గైడులలోను, సీళ్లలోను ఉన్నది. ఏక్సిలరేటరు వదలినపుడు పెట్రోలు ఇంజనులో గాలి దారి మూసికొనును, లోపల పీల్పు బలమగును, ఆ పీల్పుకు సీళ్ల సందులనుండి ఆయిలు దిగి నిలుచును, త్రొక్కగానే మండును. డీజిలు ఇంజనులలో, అందును పాతవానిలో, గాలి దారిని మూయు తలుపు సామాన్యముగా నుండదు గనుక ఈ గుర్తు వానికి అంతగా పట్టదు.

బ్రీదరును గూర్చి పట్టించుకొనువారు తక్కువ. దానిలో జిడ్డును దుమ్మును కలిసి గట్టిపడి మూసికొన్నచో చాంబరులో ఒత్తిడి పెరిగి, ఆయిలు సీళ్ల సందులనుండి వెలికి చిమ్మును, రింగులను దాటి మీదికిని ఎక్కును. చూపుకు రింగులు పోయిన కారువలెనే యుండును. కనుక మరి యే పనికి పూనుకొనకముందే ఆ గొట్టము ఊడదీసి పెట్రోలుతో కడిగి బిగించి, మరల వేయి కిలోమీటర్ల లెక్క చూడవలెను. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా ఆయిలు పోయు మూత తీసి చూచుటయు ఉపయోగకరము. కొంచెము ఆవిరి సహజమే. ఆవిరి యంత్రము పొగగొట్టమువలె గుప్పుగుప్పున ఎగదన్నుచున్న యెడల, బ్రీదరు శుభ్రముగానే యున్న యెడల, మండిన వాయువులు రింగులను దాటి క్రిందికి వచ్చుచున్నవని తెలియును.

ప్లగ్గులు తీసి వరుసగా పెట్టుకొని చూచుట మరియొక పరీక్ష. ఏ సిలిండరుది ఏదో గుర్తు పోకూడదు. బూడిద వన్నెతో గాని, లేత గోధుమ వన్నెతో గాని పొడిగా నున్నది ఆరోగ్యమైన ప్లగ్గు. పొడి మసి పట్టినది పెట్రోలు ఎక్కువైనదని చెప్పును. నల్లగా తడిగా జిడ్డుతో నున్నది ఆయిలును చెప్పును. నాలుగింటిలో ఒక్కటియే తడిసిన యెడల ఇంజను మొత్తము అరిగినదను వాదము నిలువదు. ఆ ఒక్క సిలిండరులో రింగు విరిగినదో, సీలు ఊడినదో వెదకవలెను.

చివరి తీర్పు కంప్రెషను గేజిది. గుంటూరు, విజయవాడ ఆటోనగర్లలో ఈ గేజి లేని మంచి షెడ్డు ఉండదు. ఇంజను వెచ్చబడిన పిదప ప్లగ్గులన్నియు తీసి, కాయిలు తీగ విప్పి, ఏక్సిలరేటరు పూర్తిగా త్రొక్కి యుంచి, సెల్ఫుతో ఐదారు చుట్లు త్రిప్పి, ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని వ్రాసికొందురు. అంకెలు ఒకదానికొకటి దగ్గరగా నుండవలెను. తక్కువ వచ్చిన సిలిండరులోనికి ఒక చెంచాడు ఆయిలు పోసి మరల కొలవవలెను. ఉదాహరణకు 80 పౌండ్లు చూపినది ఆయిలు పోయగానే 115కు ఎగసిన యెడల, ఆ ఆయిలు రింగుల సందులను తాత్కాలికముగా పూడ్చినదన్నమాట, దోషము రింగులది. అంకె కదలని యెడల దోషము వాల్వులది గాని, హెడ్డు గ్యాస్కెట్టుది గాని. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు కలసి తక్కువ చూపిన యెడల వాని నడుమ గ్యాస్కెట్టు తెగి యుండవచ్చును. "ఇంజను దింపాలి" అను మెకానిక్కును ఈ అంకెలు కాగితముమీద వ్రాసి యిమ్మని అడుగుటలో మర్యాదకు లోపమేమియు లేదు. మంచి పనివాడు సంతోషముగా వ్రాసి యిచ్చును.

ఒత్తిడి అంతయు బాగుండియు ఆయిలు మండుట కలదు. ఆయిలు గీకు అడుగు రింగు మసితో బిగిసికొనిపోయిన యెడల అట్లగును. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో యుండి, సంక్రాంతికి మాత్రమే బయటికి తీయు కార్లలో ఇది తరచు. అట్టి కారును క్రొత్త ఆయిలు పోసి కొన్నాళ్లు గుంటూరు రోడ్డుమీద వెచ్చబడునట్లు నడిపి చూచిన పిదపనే ఇంజను విప్పు మాట తలపెట్టవలెను. ఆయిలు రకమును గూర్చియు ఒక మాట: పాత ఇంజనుకు 20డబ్ల్యు-40, 20డబ్ల్యు-50 వంటి చిక్కని ఆయిలు తగును. క్రొత్త కార్లకై వచ్చిన పలుచని ఆయిలు పోసి, తాగుచున్నదని వాపోవుట న్యాయము కాదు. పై గీత దాటించి పోసినను అది నురుగెత్తి పొగయై పోవును.

డిప్‌స్టిక్కుమీద ఆయిలు తరుగుటకు మారుగా పెరుగుచున్న యెడల సంతోషింపరాదు. పెట్రోలు వాసన వచ్చిన యెడల పెట్రోలు పంపు లోపలి పొర చిరిగి, పెట్రోలు చాంబరులోనికి దిగుచున్నది. పాత అంబాసిడరువంటి బండ్లలో పంపు ఇంజనుకే బిగించి యుండుటచే ఇట్లు జరుగును. ఆయిలు పలుచబడి బేరింగులు చెడును గనుక అట్టి కారును ఆ క్షణముననే ఆపవలెను.

తెల్ల పొగను గూర్చి భయము ఎక్కువ, కారణము తక్కువ. ఒక లీటరు పెట్రోలు మండిన సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుట్టును. మార్గశిర, పుష్యమాసములలో కృష్ణ ఒడ్డున మంచు కురియు ఉదయములందు ఆ ఆవిరి తెల్లగా కనిపించుటయు, సైలెన్సరునుండి నీటి చుక్కలు రాలుటయు సహజమే. బండి వెచ్చబడినను తెల్ల పొగ మానక, రేడియేటరులో నీరు తరుగుచు, మూత తీసిన బుడగలు వచ్చుచు, ఆయిలు మజ్జిగవలె మారిన యెడల హెడ్డు గ్యాస్కెట్టు పోయినదని నిశ్చయించుకొనవచ్చును. వేడి రేడియేటరు మూత తీయరాదని వేరుగ చెప్పనక్కరలేదు. పత్తి ప్రాంతములలో దీనికొక ప్రత్యేక కారణము గలదు. తీతల కాలమున గాలిలో తేలు పత్తి పీచు రేడియేటరు రెక్కల నడుమ పట్టి, దానిపై దుమ్ము చేరి, కంబళివలె కప్పును. ఇంజను కాగును, గ్యాస్కెట్టు తెగును. వారమునకొకసారి వెనుక వైపునుండి నీరు కొట్టి కడిగిన ఈ నష్టము తప్పును.

నల్ల పొగ ఆయిలుది కాదు. ఇంధనము ఎక్కువై గాలి చాలకపోవుటచే వచ్చునది. చోకు బిగిసికొనుట, కార్బురేటరు చెడుట, డీజిలు బండ్లలో నాజిళ్లు పాడగుట కారణములు. కాని మన ప్రాంతములో అన్నింటికంటె ముందు చూడవలసినది ఎయిర్ క్లీనరు. మాఘ ఫాల్గుణములలో ఎండిన నల్లరేగడి దుమ్ము, మిరప కళ్లములకు పోవు డొంకల దుమ్ము, రాజధాని పనులకు తిరుగు లారీల వెనుక లేచు దుమ్ము ఏకమై దానిని మూసివేయును. ఊపిరాడక ఇంజను నల్ల పొగ విడుచును. దుమ్ము పట్టినదని క్లీనరును తీసివేసి నడుపువారు కలరు. పొగ వెంటనే తగ్గును, మెచ్చుకొందురు. కాని ఆ దుమ్ములోని ఇసుక రేణువులు ఆయిలుతో కలిసి, ఆకురాయివలె బోరును అరగదీయును. కొంతకాలమునకు అదే బండి నీలి పొగ విడుచుచు బోరింగుకు చేరును. సైలెన్సరు చివర చల్లారియున్నపుడు లోపల వ్రేలు రాచి చూచిన నలుపు ఏ జాతిదో తెలియును: పొడిగా రాలునది ఇంధనపు మసి, జిడ్డుగా అంటునది ఆయిలు మసి.

ట్రాక్టర్లు గలవారు ఇచట ఒక విషయము గమనింపవలెను. పాత ట్రాక్టర్ల ఎయిర్ క్లీనరు గిన్నెలో ఆయిలు పోయుదురు. గీత దాటించి పోసిన యెడల ఇంజను ఆ ఆయిలునే పీల్చి మండించును. నీలి పొగ వచ్చును. ఒక్కొక్కప్పుడు ఇంజను డీజిలు నాపినను ఆగక, తన ఆయిలునే తాగుచు వేగము హెచ్చించుకొనును. అపుడు గాలి పోవు దారి మూయుట తప్ప దానిని ఆపు ఉపాయము లేదు. ఆ పనికి చేతిని గాక చెక్కపలక వంటిదానిని వాడవలెను.

కంటికి కనబడు పొగకంటె కనబడనిది ప్రమాదకరము. ఇంజను విడుచు వాయువులలో కార్బన్ మోనాక్సైడు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినును అది ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, వికారము, మత్తు దాని గుర్తులు. నిద్రలో నున్నవానికి ఆ గుర్తులును తెలియవు. చిన్న చిన్న దూరములు మాత్రమే తిరుగు కారులో సైలెన్సరు లోపలి నీరు ఆరక త్రుప్పు పట్టి చిల్లులు పడును. చిల్లి సీట్ల క్రిందుగా నున్న యెడల విషవాయువు కారులోనికే వచ్చును. చల్లని ఇంజనును స్టార్టు చేసి, మందమైన గుడ్డతో గొట్టము చివరను ఒక్క క్షణము అదిమిన, చిల్లి యున్నచోట తుస్సుమను శబ్దము వినబడును. యార్డు వద్దను, జిన్నింగు మిల్లు వద్దను రాత్రి వరుసలో నిలిచినపుడు ఏసీ కొరకు ఇంజను నడుపుచు అద్దములు మూసి కారులో నిద్రించుట ఏనాడును చేయరాదు. మూసిన షెడ్డులో ఇంజను తిప్పుచు పని చేయుటయు అట్టిదే. కారులో కూర్చున్నవారికి తల దిమ్మెక్కిన యెడల వెంటనే దింపి ఆరుబయటికి తీసికొనిపోయి, 108కి కబురు చేయవలెను.

పొల్యూషను సర్టిఫికెట్టు ఉన్నదిగదా యని కొందరందురు. బీఎస్-2 ప్రమాణములకు ముందటి పెట్రోలు కార్లు ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు కార్బన్ మోనాక్సైడు 3 శాతము మించి విడువరాదని కేంద్ర మోటారు వాహనముల నియమములు చెప్పుచున్నవి. ఆ పరీక్ష బండి నిలిచియున్నపుడు జరుగును. కొండ ఎక్కునపుడు మాత్రమే నీలి పొగ విడుచు కారు ఆ పరీక్షలో నెగ్గుట వింత కాదు. సర్టిఫికెట్టు చట్టమునకు జవాబు. ఇంజను ఆరోగ్యమునకు కాదు. కారుకు 15 ఏండ్లు నిండిన పిదప రిజిస్ట్రేషను ఐదేసి ఏండ్లకు మాత్రమే పొడిగింతురు గనుక, కొనువారు ఆ గడువు ఎంత మిగిలినదో కూడ కాగితములలో చూచుకొనవలెను.

కొనుటకు పోవువారు అమ్మువానితో ముందుగా చెప్పవలసిన మాట యొకటి గలదు: "మేము వచ్చువరకు బండి స్టార్టు చేయవద్దు." పోగానే బానెట్టుమీద చేయి వేసి చూడవలెను. వెచ్చగా నున్న యెడల ఉదయపు నీలి మబ్బు మనము రాకముందే ఎగిరిపోయినదన్నమాట, మరునాడు రావలెను. డిప్‌స్టిక్కు తీసి రెండు వ్రేళ్ల నడుమ ఆయిలు రుద్ది చూడవలెను. తేనెవలె సాగుచున్న యెడల, పొగను దాచుటకు మిక్కిలి చిక్కని ఆయిలు గాని, మందు గాని కలిపి యుండవచ్చును. పిదప కారు పూర్తిగా వేడెక్కువరకు, కనీసము అరగంట, తామే నడిపి, వెనుక నొకరిని చూడుమనవలెను.

ఇన్ని పరీక్షల పిమ్మట బోరింగు తప్పదని తేలిన యెడల చేయించవలసినదే. బోరు కొలతలు తీయించక రింగులు మాత్రము మార్చుట వలన ప్రయోజనము స్వల్పము. అండాకారముగా అరిగిన గోడకు గుండ్రని రింగు అతుకదు. ఎంత సైజు పెంచి బోరింగు చేసిరో, ఏ సైజు పిస్టన్లు వేసిరో బిల్లుమీద వ్రాయించుకొనవలెను. పని పూర్తియైన పిదప మొదటి 500 కిలోమీటర్లు అతివేగము లేకుండ, బరువు వేయకుండ, ఒకే వేగమున గాక వేగము మార్చుచు నడపవలెను. ఆపైన ఆయిలును ఫిల్టరును మార్చి, హెడ్డు బోల్టులను షెడ్డువానిచే మరల సరిచూపించి, డిప్‌స్టిక్కు పై గీత వద్ద క్రొత్త లెక్క మొదలుపెట్టవలెను.